పావంగుళం

ఎమిల్ హుడాక్‌కి మనుషుల మొహాలు గుర్తుండవు. ఇరవై ఏళ్లుగా ఎదురింట్లో ఉంటున్న మనిషిని చర్చి మెట్ల మీద పట్టుకుని "మిమ్మల్నెక్కడో చూసినట్టుందే" అన్న ఘనుడు. అదే మనిషి ట్రక్కు వీధి మలుపు తిరుగుతూ కనిపిస్తే మాత్రం, "ఎడమ పక్క మూడో పట్టీ విరిగింది, వారంలో నిన్ను రోడ్డు మీద కూర్చోబెడుతుంది" అని కేకేసి మరీ చెప్పేవాడు. వారం తిరక్కుండా ఆ ట్రక్కుని గొలుసు కట్టి లాక్కొచ్చేవాళ్లు. చెప్పింది తప్పేది కాదు గనక యంగ్స్‌టౌన్ చుట్టుపక్కల బండ్లవాళ్లకి అతనంటే గురి. చెప్పే తీరు కర్ర విరిచినట్టుండేది గనక అతన్ని భోజనానికి పిలిచేవాళ్లు తక్కువ.

అతని పని కమాన్లు చేయడం. లారీ వెనక ఇరుసు దగ్గర, వంపు తిరిగిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ బోల్టు బిగించి ఉంటాయే, ఆ కట్టలు. విరిగిన పట్టీ మార్చడం, బరువులు మోసి మోసి వాలిపోయినదానికి మళ్లీ వంపు తెప్పించడం, అంతే. ఈ పనికి అతను నలభై దాటాక వచ్చాడు. అంతకుముందు తండ్రిలాగే ఉక్కు మిల్లులో ఉండేవాడు. డెబ్బై ఏడులో మిల్లు మూతపడినప్పుడు వీధిలో సగంమంది సామాను కట్టుకుని టెక్సస్ దారి పట్టారు. ఎమిల్ కూడా అటక మీది పెట్టెలు దించాడు. భార్య ఇర్మా వచ్చి ఆ పెట్టెల మీద కూర్చుంది.

"వచ్చే జూన్‌లోపు పదకొండు పెళ్లిళ్లున్నాయి. బిస్కట్లు ఎవరు చేస్తారు, మీ టెక్సస్ వాళ్లొచ్చి చేస్తారా?" అంది.

యంగ్స్‌టౌన్ లోయలో పెళ్లంటే కేకు కాదు, బిస్కట్ల బల్ల. గోడ పొడుగునా బల్లలు వేసి, పిన్నులూ మేనత్తలూ ఇరుగుపొరుగూ నెలరోజులు కాల్చి తెచ్చిన బిస్కట్లు కొండలుగా పేరుస్తారు. పెళ్లికూతురు గౌను సంగతి మర్చిపోయినా, బల్ల మీద ఎన్ని రకాలున్నాయో ఇరవై ఏళ్లు చెప్పుకుంటారు. ఆ బల్లకి నడుమ చోటు ఎప్పుడూ ఆప్రికాట్ గుజ్జు లోపల పెట్టి చుట్టి ఇర్మా కాల్చిన బిస్కట్లది, ఆప్రికాట్ చుట్టలది. అంచేత పెట్టెలు మళ్లీ అటకెక్కాయి. పదకొండు పెళ్లిళ్లూ అయ్యేలోపే ఎమిల్‌కి కార్మైన్ డిలూకా వాళ్ల కమాన్ల షాపులో పని దొరికింది.

ఆ మరుసటేడే కారు కొన్నాడు. అరవై తొమ్మిది నాటి ప్లిమత్, ముదురాకుపచ్చ. మజిల్ కారు అంటారే, ఆ జాతి. ఇంజను ఏనుగంత, మిగతా బండి అంతా దాని వెనక పరిగెత్తాల్సిందే. దాని వెనక ఇరుసుకీ లారీకున్నట్టే కమాన్ కట్టలు. అలాంటి కారులో ఒక్కసారిగా పాదం నొక్కితే, ఇంజను తిప్పే తిప్పుడుకి ఇరుసు మెలిపడి, కుడి చక్రం నేల మీద ఆనకుండా గెంతులు వేస్తుంది. ఆ గెంతు ఆపడానికి పందేలవాళ్లు కుడి కమానుని బిరుసు చేస్తారు. ఎమిల్ కూడా చేశాడు. ఎడమ పక్క అయిదు పట్టీలు, కుడి పక్క ఆరు, ముందు సగానికి పొట్టి పట్టీలు అదనం. వేసవి ఆదివారాల్లో పావు మైలు పందేనికి తీసుకెళ్తే ఆ కారు గీత మీంచి దారం పట్టి లాగినట్టు తిన్నగా వెళ్లేది. అతని ముందుగది గూట్లో కప్పులు పెట్టడానికి చోటు చాలేది కాదు.

అయితే పందేలవాళ్లెవరికీ లేని లెక్క ఒకటి ఎమిల్‌కి ఉండేది. శనివారం సాయంత్రాలు ఊరి చివర, రూట్ బీర్ అనే తియ్యటి నురగ పానీయం అమ్మే కొట్టు ముందు పాత కార్లన్నీ చేరతాయి. ఎమిల్, ఇర్మా తప్పకుండా వెళ్లేవాళ్లు. ఇర్మా కుడి సీట్లో కూర్చున్నాక కారు రెండు పక్కలా సమంగా నిలబడాలని అతని పంతం. డెబ్బై ఎనిమిదిలో ఆవిణ్ణి సీట్లో కూర్చోబెట్టి, తన సీట్లో తన బరువుకి సరిపడా ఇసుక మూటలు పెట్టి, నేల నుంచి మడ్‌గార్డు అంచు దాకా ఉక్కు స్కేలుతో కొలిచి, కుడి కమాను వంపు అందుకు తగ్గట్టు సరిచేశాడు. రెండు పక్కలా ఇరవై ఆరుంబావు అంగుళాలు. ఇర్మా దిగితే కుడి పక్క కాస్త లేచేది. ఒంటరిగా షాపుకి వచ్చిన రోజున కార్మైన్ గుమ్మంలోంచే "ఏరా, పెళ్లాంతో గొడవపడ్డావా? కారు మూతి వంకర పెట్టింది" అనేవాడు.

ఆ కొలతలో ఇర్మా బరువు ఉందని ఎమిల్‌కి తెలుసు. నూట డెబ్బై పౌన్లు, ఒకటో అరో అటూ ఇటూ. ఇర్మా మాత్రం తన బరువు కన్నతల్లికి కూడా చెప్పని మనిషి. డాక్టరు దగ్గర కాటా ఎక్కించినా కళ్లు గట్టిగా మూసుకుని "నాకు చెప్పకు, నీ దగ్గరే ఉంచుకో" అని నర్సుకి ఆజ్ఞ వేసేది. అందుకని ఎమిల్ పాతికేళ్లు ఆ అంకెని పెదవి దాటనివ్వలేదు. మొరటువాడే గాని బుద్ధిలేనివాడు కాదు.

రెండు వేల మూడు మే నెలలో, చలికాలమంతా గుడ్డ కప్పుకుని పడుకున్న కారుని బయటికి తీశాడు. మొదటి శనివారం బయల్దేరారు. రైలు పట్టాలు దాటేటప్పుడు ఇర్మా తలుపు పిడి పట్టుకుని "అబ్బా" అంది. పాతికేళ్లలో ఆ కారులో ఆవిడ అనని మాట. తర్వాతి శనివారం "నువ్వెళ్లు, నాకు పిండి కలిపే పనుంది" అంది. ఆ తర్వాతి శనివారం కూడా పిండే కలిపింది. ఎమిల్ ఒంటరిగా కొట్టు దగ్గరికి వెళ్లి, ఒక గ్లాసు తాగి, అరగంటలో తిరిగొచ్చాడు. పక్క సీటు ఖాళీగా ఉంటే ఆ కారు తోలడం ఇంత దండగని అతనికి అప్పుడే తెలిసింది.

కారు బిరుసుగా ఉంది, ఇర్మాకి అరవై నాలుగు, ఎముకలు ఓర్చుకోవడం లేదు. అతనికి తట్టింది అంతవరకే. ఇక దానికి మందు తన చేతిలోనే ఉంది గదా. సోమవారం కారుని షాపులోకి తోలి వెనక చక్రాలు విప్పడం మొదలుపెట్టాడు.

కార్మైన్ కాఫీ కప్పుతో వచ్చి చూశాడు. "ఏం పీకుతున్నావురా?"

"కుడి పక్క ఒక పట్టీ తీసేస్తున్నా. పొట్టివి కూడా."

"పొట్టివా! అవి తీస్తే ఇంకేముంది? పాదం నొక్కావంటే కప్పలా గెంతుద్ది. ఇక ఆదివారాలు ఏం చేస్తావు?"

"పడుకుంటా."

"నువ్వా?"

"అరవై ఏడొచ్చాయి. ముసలోళ్లు పడుకుంటారు."

కార్మైన్ నమ్మలేదు. అతని నడుము వంక చూసి, "పడుకునే తయారయ్యావులే. బెల్టు ఆఖరి కన్నంలో ఉంది. ఇర్మా ఏం పెడుతోందిరా నీకు?" అని నవ్వుకుంటూ పోయాడు. ఎమిల్ చెవిన వేసుకోలేదు.

పట్టీ తీసేస్తే కట్ట మెత్తబడుతుంది, కానీ కారు కిందికి దిగిపోతుంది. మిగిలిన పట్టీలకి వంపు పెంచాలి. మంట తగిలిస్తే ఉక్కు పదును చెడుతుందని ఎమిల్ అన్నిటినీ చల్లగానే కొట్టేవాడు. ముందు షాపు నేల మీద సుద్దతో నిండు కొలత వంపు గీశాడు. పట్టీని రెండు దిమ్మెల మీద ఆనించి, నడుమ నుంచి చివరలకి అంగుళానికో దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూ, మధ్యమధ్య నేల మీది గీతతో సరిచూసుకున్నాడు. ఒకటి కుదిరితే దాని మీదిది, అది కుదిరితే దాని మీదిది. పట్టీకీ పట్టీకీ నడుమ జారడానికి పల్చటి ప్లాస్టిక్ ముక్కలు దూర్చాడు. ప్రెస్సు కింద పెట్టి మూడుసార్లు చదునుగా నొక్కి వదిలాడు, తర్వాత వాలిపోకుండా. నాలుగు రోజులు పట్టింది. పాతికేళ్ల పందేలు ఆ నాలుగు రోజుల్లో విప్పి పక్కన పెట్టేశాడు. చేతులు ఒక్కసారి కూడా ఆగలేదు.

శుక్రవారం సాయంత్రం ఇంటి ముందు ఇసుక మూటలు తన సీట్లో పెట్టి, ఇర్మాని పిలిచి కుడి సీట్లో కూర్చోబెట్టాడు. ఆవిడ సీట్లో ఒకసారి ఎగిరి చూసింది.

"ఏం చేశావయ్యా దీన్ని? మా అమ్మ సోఫాలా ఉంది" అంది. నిజంగా సంతోషపడింది.

ఎమిల్ స్కేలు పెట్టాడు. ఎడమ ఇరవై ఆరుంబావు. కుడి ఇరవై ఆరున్నర. పావంగుళం ఎక్కువ.

ఇంకెవరికైనా పావంగుళం ఒక లెక్కా? ఎమిల్‌కి అది కంట్లో నలుసు. శనివారం షికారు మానేసి, షాపు తాళం అడిగి తెచ్చుకుని, కుడి కట్ట విప్పి, గీతతో సరిచూశాడు. గీతకి పట్టీ అతుక్కున్నట్టు ఉంది. మళ్లీ బిగించాడు. ఇర్మాని కూర్చోబెట్టాడు. పావంగుళం. సోమవారం మళ్లీ విప్పాడు. ఉక్కుని తిట్టాడు, ప్లాస్టిక్ ముక్కల్ని తిట్టాడు, తన సుత్తిని తిట్టాడు. ఈసారి నడిమి పట్టీ మార్చి కొత్తది కొట్టాడు. మంగళవారం సాయంత్రం మళ్లీ అదే పావంగుళం. ఇర్మా దిగుతూ "నాకు బాగానే ఉందిగా, ఇంక వదిలెయ్" అంది. అతను పళ్లు నూరాడు. పాతికేళ్లుగా చేస్తున్న పనిలో ఒక కమాను అతని మాట వినకపోవడం అదే మొదలు.

బుధవారం కార్మైన్‌కి ఓపిక నశించింది. "దించు దాన్ని" అని, కట్టని పరీక్ష ప్రెస్సు మీద పెట్టించాడు. ముల్లు చూస్తూ బరువు ఎక్కించాడు, కొలిచాడు, ఇంకాస్త ఎక్కించాడు, మళ్లీ కొలిచాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఒరేయ్, కమానులో తప్పులేదు. నువ్వు ఎంత బరువుకి ఎంత ఎత్తు అన్నావో అంతే ఉంది. వెంట్రుక తేడా లేదు."

"మరి కారెందుకు సరిగా నిలబడదు?"

"నన్నడుగుతావేంట్రా? బరువు నీ లెక్క. ఎంతనుకుని కొట్టావు?"

"ఎప్పటిదే."

"ఎప్పటిది? ఎవరిది?"

ఎమిల్ ప్రెస్సు ముల్లు వంక చూస్తూ నిలబడిపోయాడు. కమానుని మూడుసార్లు అనుమానించాడు. సుత్తిని, ఉక్కుని, స్కేలుని, చివరికి ఇంటి ముందు నేలని కూడా అనుమానించాడు. సీట్లో కూర్చున్న మనిషి మారి ఉంటుందని ఒక్కసారీ తోచలేదు. ఈస్టర్ నుంచి, కాదు, క్రిస్మస్ నుంచే, రాత్రి భోజనాల దగ్గర ఇర్మా తన పళ్లెంలోని క్యాబేజీ నూడుల్స్‌లో సగానికి సగం గరిటెతో అతని పళ్లెంలోకి తోస్తోంది. "నాకు ఎక్కువైంది, నువ్వు కానియ్" అనేది. అతను కానిచ్చాడు. బెల్టు ఆఖరి కన్నంలోకి వెళ్లేదాకా కానిచ్చాడు. జూన్ ఎండలో కూడా ఆవిడ ఉన్ని కోటు విప్పకపోతే, చలి మనిషిలే అనుకున్నాడు. ట్రక్కు మలుపు తిరిగితే పట్టీ విరిగిందని చెప్పే ఆ కళ్లని పెరికి అవతల పారేయాలనిపించింది.

చేతులు కూడా కడుక్కోకుండా ఇంటికి వెళ్లాడు. ఇర్మా వంటింట్లో పిండి ఒత్తుతోంది.

"ఇర్మా, నీ బరువెంత?"

అప్పడాల కర్ర ఆగింది. "ఏంటీ?"

"బరువు. ఎంతున్నావు?"

"నలభై రెండేళ్ల కాపరంలో అడగని మాట. ఎండదెబ్బ తగిలిందా ఏంటి?"

"నూట డెబ్బై ఉండాలి. లేవు."

ఇర్మా మొహం కందగడ్డయింది. "నూట డెబ్బై అని ఎవరు చెప్పారు నీకు?"

"కమాను."

"ఎప్పుడు?"

"డెబ్బై ఎనిమిదిలో."

"అంటే అప్పట్నుంచీ తెలుసా? ఇన్నేళ్లూ అన్నీ తెలిసి, ఏమీ ఎరగనట్టు పక్కన కూర్చున్నావా? హవ్వ!" కర్రతో ఒక్కటి వేసేదేమో గాని, అతని మొహం చూసి ఆగిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉన్ని కోటు పక్కకి తీసి చూపించింది. లంగా నడుము దగ్గర రెండు మడతలు వేసి, పిన్నీసులు పెట్టి ఉంది.

"కడుపులో ఏదో పెరిగిందన్నారు. ఏప్రిల్లో డాక్టరు చూశాడు. క్లీవ్‌లాండ్ పెద్దాసుపత్రికి వెళ్లి కోయించుకోమన్నాడు. ఇప్పుడే వెళ్తే తీసెయ్యొచ్చట. తేదీ కూడా ఇచ్చారు. నేనే ఫోన్ చేసి వద్దన్నాను."

"ఎందుకూ?"

"మా అక్క హెలెన్ ఆసుపత్రికి ఎట్లా వెళ్లిందో గుర్తులేదా నీకు? తన కాళ్ల మీద నడిచి వెళ్లింది, సంచీలో ఊలూ సూదులూ పెట్టుకుని. అయిదో రోజు ఆ సంచీ ఒక్కటే ఇంటికొచ్చింది." పిండి అంటిన చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నాకు భయం, ఎమిల్. ఈ వేసవి నాకు వదిలెయ్. ఆ కారు ఇప్పుడున్న బరువుకి సరిచెయ్యి. శనివారాలు తిరుగుదాం. అంతకంటే ఏం అడగను."

"సరిచెయ్యను."

"ఏం?"

"నూట డెబ్బైకే కొట్టాను. ఇంకో బరువుకి కొట్టను. నువ్వు ఇట్లా అయిపోవడం సరేనని నా చేత్తో ఒప్పుకోమంటావా? నా వల్ల కాదు."

పట్టు పడితే ఇద్దరూ ఇద్దరే. రెండు రోజులు ఇంట్లో గిన్నెల చప్పుడే గాని మాటల చప్పుడు లేదు. శనివారం సాయంత్రం ఇర్మా ఎర్ర గళ్ల గౌను వేసుకుని, తలకి రుమాలు కట్టుకుని వచ్చి, కారులో కుడి సీట్లో కూర్చుని, ఎదురుగా చూస్తూ "పద" అంది.

ఎమిల్ తన సీట్లో ఇసుక మూటలు పెట్టాడు. స్కేలు తెచ్చాడు. పెరట్లోంచి ఒక బకెట్టు ఇసుక, ఖాళీ పిండి సంచీ తెచ్చాడు. సంచీని ఇర్మా కాళ్ల దగ్గర నిలబెట్టి, చేటతో ఇసుక పోయడం మొదలుపెట్టాడు. పోస్తాడు, వెనక్కి వెళ్లి కొలుస్తాడు, మళ్లీ వచ్చి పోస్తాడు.

"ఏంటిది, పిల్లల ఆటా?"

"కమాను ముట్టుకోనన్నాగా. నువ్వు కాజేసిన బరువు వెనక్కి పెడుతున్నా."

కొలత ఇరవై ఆరుంబావుకి దిగాక సంచీ మూతి కట్టాడు. తన మూటలు దించి, స్టీరింగు ముందు కూర్చుని కారు తీశాడు. రైలు పట్టాల మీద కారు ఊయలలా ఊగింది, ఇర్మా పిడి పట్టుకోలేదు. కొట్టు దగ్గర అందరూ వచ్చి పలకరించారు. "ఇర్మా, నెలరోజులుగా ఏమైపోయావు?" అన్నవాళ్లకి "పెళ్లిళ్లు" అని చెప్పి నవ్వింది. గ్లాసులో నురగ మాత్రం తాగి మిగతాది ఎమిల్ ముందుకి తోయబోయి, అతని చూపు చూసి ఆగి, మెల్లగా తనే తాగింది. సంచీ ఆవిడ పాదాలకి ఆనుకుని అలాగే ఉంది.

ఇంటికొచ్చాక ఎమిల్ గ్యారేజీ తలుపు తెరవడానికి దిగాడు. వెనక్కి తిరిగి చూసేసరికి ఇర్మా కారు పక్కన నిలబడి, వంగి, ఆ సంచీని రెండు చేతులతో పట్టుకుని లేపబోతోంది. అంచు దాకా లాగింది. అక్కణ్ణుంచి లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. యాభై పౌన్ల పిండి బస్తాని చంకలో పెట్టుకుని మెట్లెక్కిన మనిషి. సంచీ మీద చేతులు అలాగే ఉంచి నిలబడిపోయింది.

"ఇదంతా నేనేనా?" అంది.

ఎమిల్ దగ్గరికి వెళ్లాడు. ఓదార్చడం అతనికి ఏనాడూ చేతకాలేదు. "ముప్పై నాలుగుంటుంది" అన్నాడు. అని, ఆ మాట అన్నందుకు తనే ఏడ్చాడు. ఇర్మా ఏడవలేదు. అతని భుజం మీద చెయ్యి వేసి, ఇసుక వంక చాలాసేపు చూసి, లోపలికి వెళ్లింది.

ఆదివారం చర్చికి వెళ్లొచ్చి ఆప్రికాట్ చుట్టలు చేసింది. ఆసుపత్రి సంగతి ఎమిల్ అడగలేదు. అడిగితే ఎక్కడ బిగుసుకుంటుందోనని భయం.

సోమవారం మధ్యాహ్నం షాపులో నలుగురు పనివాళ్లు ఒక చెత్త ట్రక్కు కమాన్లు దించుతున్నారు. పెద్ద తలుపులోంచి ఇర్మా లోపలికొచ్చింది. పాతికేళ్లలో ఆ గుమ్మం దాటడం అదే మొదలు. చేతిలో బిస్కట్ల డబ్బా. డబ్బా తెచ్చి కార్మైన్ చేతిలో పెట్టింది.

"అమ్మా ఇర్మా, ఎవరి పెళ్లి?" అన్నాడు కార్మైన్.

"ఎవరిదీ కాదు. తినండి." చుట్టూ చూసింది. వచ్చిన ఉక్కు బరువు చూడటానికి గోడ పక్కన నేల మీదుండే పెద్ద కాటా కనిపించింది. తిన్నగా వెళ్లి ఉన్ని కోటు విప్పి బల్ల మీద పెట్టి, బూట్లు విప్పి, కాటా ఎక్కింది. పనివాళ్లు చేతుల్లోని రెంచీలతో అలాగే ఆగిపోయారు. కార్మైన్ మర్యాదకి గోడవైపు తిరిగాడు.

ఈసారి ఇర్మా కళ్లు మూసుకోలేదు. ముల్లు ఊగి ఊగి నిలబడేదాకా వంగి చూసింది.

"నూట ముప్పై ఆరు" అంది, ట్రక్కు కింద పడుకున్నవాడికి కూడా వినపడేలా. "ఎమిల్, రాసుకో. పొద్దున్నే ఫోన్ చేశాను. వచ్చే సోమవారం ఎనిమిది గంటలకి రమ్మన్నారు. మన అమ్మాయి పౌలా తన కొత్త కారులో తీసుకెళ్తానంది, నేనొద్దన్నాను. నీ కారులో అయితేనే వెళ్తాను. డెబ్బై మైళ్లు ఆ గుంటల్లో కుదుపులు నేను పడలేను, ఇసుక సంచీ కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చోలేను. నేనెంతున్నానో అంతకి సరిచెయ్యి."

ఎమిల్ సుద్దముక్క కోసం జేబులన్నీ వెతికాడు. అది చేతిలోనే ఉంది.

"సరిచేస్తా" అన్నాడు.

"ఏంటలా చూస్తారు? ఆడమనిషిని ఎప్పుడూ చూళ్లేదా?" అని ఇర్మా పనివాళ్ల మీద కసిరి, కాటా దిగి బూట్లు తొడుక్కుంది. అప్పుడు గాని వాళ్లకి బిస్కట్లు గుర్తురాలేదు.

ఎమిల్ పాత గీత చెరిపి, దాని కిందే కొత్తది గీశాడు. రెండిటికీ తేడా సుద్దగీత మందమే. ముందు పెంచిన వంపుని ఇప్పుడు తనే తగ్గించాలి, పట్టీని బోర్లించి కొట్టాలి. ఒక్కో దెబ్బకీ ఇర్మా ఒక్కో పౌను తగ్గుతున్నట్టే అనిపించింది అతనికి. అయినా కొట్టాడు. కొట్టకపోతే ఆవిడకి కుదుపు తగులుతుంది. గురువారం సాయంత్రం ఇర్మా సీట్లో కూర్చుంది, అతను స్కేలు పెట్టాడు. రెండు పక్కలా ఇరవై ఆరుంబావు. నూట ముప్పై ఆరు పౌన్ల ఇర్మాకి కారు సమంగా తల వంచింది.

సోమవారం తెల్లవారుతుండగా బయల్దేరారు. పౌలా వెనక తన కారులో వచ్చింది. ఊరు దాటే లోపే ఇర్మా తల పక్కకి వాల్చి నిద్రపోయింది. గుంటలొచ్చాయి, వంతెన అతుకులొచ్చాయి, రోడ్డు తవ్వి పెట్టిన మూడు మైళ్లొచ్చాయి. ఆవిడ లేవలేదు. ఎమిల్ జీవితంలో ఎంతోమంది లారీవాళ్లు "నీ కమాను అద్భుతం" అన్నారు గాని, ఇంత పెద్ద మెప్పు ఎవరూ ఇవ్వలేదు. ఆసుపత్రి ముందు కారు ఆపి ఇంజను కట్టేశాడు. ఎనిమిదయింది. పౌలా వచ్చి అద్దం మీద కొడుతుంటే వేలు పెదవుల మీద పెట్టి, పది నిమిషాలు ఆలస్యమయ్యేదాకా లేపలేదు.

ఆ తర్వాత ఎమిల్ కుడి కమానుని రెండుసార్లు విప్పాడు. మరుసటి ఏప్రిల్లో ఒకసారి, ఆగస్టులో ఇంకోసారి. రెండుసార్లూ ఇర్మాకి ఒళ్లొచ్చిందని, వంపు పెంచడానికే. కొత్త అంకె ఎంతో ఆవిడే షాపుకొచ్చి, కాటా ఎక్కి, అందరికీ వినపడేలా చెప్పి వెళ్లింది.